పెద్దాయనకు తెలుసు

కాగితాన్ని కనిపెట్టినవాడు గొప్పవాడే. కానీ రాసి పడేసిన కాగితాన్ని పదేళ్ళ తర్వాత వెతికి తెచ్చేవాడి ముందు అతను దిగదుడుపు. నాగరికత అంతా ఈ రెండోవాడి మీదే నిలబడి ఉంది. మా నీటి సరఫరా కార్యాలయం ఈ సత్యాన్ని కాస్త ఆలస్యంగా, అంటే పుట్టిన డెబ్బై ఏళ్ళకు గ్రహించి, ‘సమర్థ దస్త్రాల, సమాచార నిర్వహణ కార్యక్రమం’ ప్రారంభించింది.

అంతకుముందు మాకు కార్యక్రమం లేదు. పెద్దాయన ఉండేవారు.

పెద్దాయన మా రికార్డు గది అటెండరు. నేల కింది అంతస్తులో, పని చేయని లిఫ్టు పక్కన ఆయన గది. కలరా ఉండల వాసన, ఇనుప బీరువాలు, ఒక స్టూలు. వెళ్ళి ఉత్తరం వైపు పైపుల ఫైలు కావాలంటే, స్టూలు మీంచి లేవకుండా ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు.

“అది ఇంజనీరుగారు చెయ్యి విరగ్గొట్టుకున్న ఏడాదిది కదూ. మూడో బీరువా వెనకాల, పైనుంచి రెండో కట్ట. అక్కడ గోడ చెమ్మగా ఉంటుంది, చూసి లాగండి.”

చూసి లాగేవాళ్ళం. ఫైలు అక్కడే ఉండేది. ఇంత తేలిగ్గా పని జరిగిపోయే పద్ధతిని సమర్థమైనదని ఏ పెద్ద కార్యాలయమూ ఒప్పుకోదు.

అందుకని ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. (ఆయన్ను నియమించిన ఉత్తర్వు వారం రోజులు కనబడలేదు. పెద్దాయన తెచ్చి ఇచ్చారు.) కంప్యూటరులో పదకొండు గడుల రిజిస్టరు తయారుచేయించి, నలభై రోజుల్లో నింపమని నాకూ టైపిస్టు అక్కకూ అప్పగించారు. మొత్తం ఫైళ్ళు నలభై ఒక్క వేల మూడు వందల పన్నెండు. తొమ్మిదో గడి పేరు ‘ఉన్న చోటు’. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కార్యక్రమం విఫలమైనట్టేనని అధికారిగారు చాలా మర్యాదగా చెప్పారు.

మొదటి నెల బీరువాల పొడవు కొలిచి, పాత జాబితా చూసి తొమ్మిదోది తప్ప మిగతా గడులు నింపాం. మిగిలిన పది రోజుల్లో ఏం చేయాలో తోచక నేను తల పట్టుకుని కూర్చుంటే, అక్క మొదటి ఫైలుకి ఎదురుగా తొమ్మిదో గడిలో ‘పెద్దాయనకు తెలుసు’ అని కొట్టింది. ఆ మాటను కింది గడులన్నిటికీ దించడానికి కంప్యూటరులో ఒక్క మీట చాలు.

“అబద్ధం రాయలేదు కదరా తమ్ముడూ,” అంది.

నిజమే. మా కార్యాలయంలో అంత నిజాయితీగల రిజిస్టరు మరొకటి లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు గడులు లెక్కపెట్టారు. ఖాళీ ఒక్కటీ లేదు కనుక నూటికి నూరు మార్కులు వేసి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి, పెద్దాయన గొడుగు తగిలించుకునే మేకుకి వేలాడదీశాం. (గొడుగుకి ఇంకో మేకు కావాలని ఆయన పెట్టుకున్న దరఖాస్తు పరిశీలనలో ఉంది.)

ఆ నెలాఖరుకి పెద్దాయన పదవీ విరమణ. వాళ్ళావిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చూపు తగ్గి సూది బెజ్జం కనపడటం లేదు. “ముప్పై ఏడేళ్ళు ఆఫీసు కట్టలకి దారాలు కట్టారు, ఇక నా సూదికి ఎక్కించండి,” అందట. ఆ మాట మాకు చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. పెళ్ళికొడుకే.

విరమణ కాగితం ఇవ్వాలంటే అసలు నియామకపు ఉత్తర్వు జతచేయాలని కొత్త నియమం. రిజిస్టరు తీశాం. తొమ్మిదో గడిలో ఉండాల్సిన మాటే ఉంది. వెళ్ళి అడిగాం.

“నాకు తెలీదు బాబూ,” అన్నారు పెద్దాయన. “ఎవరి కాగితం వాళ్ళు ముట్టుకోకూడదని రూలు కదా. అప్పట్లో సూపరింటెండెంటుగారే లోపల ఎక్కడో పెట్టారు. నేను బయట గోడవైపు తిరిగి నిలబడ్డాను.”

(సూపరింటెండెంటుగారు ప్రస్తుతం వివరణ ఇచ్చే స్థితిలో లేరు. పోయి ఎనిమిదేళ్ళయింది.)

ప్రత్యేకాధికారిగారు నిజంగానే బాధపడ్డారు. “చేరినట్టు రుజువు లేని మనిషి వెళ్ళిపోతున్నాడని నేనెలా రాయను?”

“రెండు రోజులివ్వండి, నేనే వెతుక్కుంటాను,” అన్నారు పెద్దాయన.

“మీ కాగితం మీరు ముట్టుకోకూడదు కదండీ.”

“పోనీ ఎవరిచేతనైనా వెతికించండి.”

“గదిలో ఏది ఎక్కడుందో మీకే కదా తెలుసు.”

నాకు సిగ్గేసింది. నేనూ అక్కా పదకొండు రోజులు దుమ్ములో వెతికాం. ఇంజనీరుగారి చెయ్యి ఎక్స్‌రే దొరికింది. కార్యక్రమం ఎందుకు పెట్టాలో చెప్పే మూడు పాత నివేదికలు దొరికాయి. ఉత్తర్వు మాత్రం దొరకలేదు. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. పెద్దాయన మర్నాడు మామూలుగానే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

అయితే జీతం ఏ పద్దు కింద ఇవ్వాలి, హాజరు ఎక్కడ వేయాలి అని ప్రశ్న వచ్చింది. ప్రత్యేకాధికారిగారు కార్యక్రమ నిబంధనలు తిరగేసి మార్గం కనుక్కున్నారు. మొదటి పేజీలోనే ఉంది: ‘కార్యాలయ సమాచారం దేనిలో నిలవ ఉండునో అది దస్త్రము.’ ఆ లెక్కన పెద్దాయన నలభై ఒక్క వేల మూడు వందల పదమూడో దస్త్రం. అక్క కొత్త వరస తెరిచింది. వర్గం: అసలు ప్రతి, నకలు లేదు. కాలపరిమితి: శాశ్వతం. తొమ్మిదో గడి దానంతటదే నిండిపోయింది.

మర్నాడు వాళ్ళావిడ వచ్చింది. గొడవేం పెట్టుకోలేదు.

“మా ఆయన్ని ఎప్పుడు పంపిస్తారు బాబూ?”

ప్రత్యేకాధికారిగారు లేచి కుర్చీ వేశారు. దస్త్రాలను తాత్కాలికంగా బయటికి తీసుకువెళ్ళే వీలు ఉందనీ, రోజూ సాయంత్రం అయిదున్నరకి చీటీ మీద సంతకం పెట్టి తీసుకెళ్ళి, పొద్దున పదింటికల్లా అప్పగించవచ్చనీ వివరించారు.

“అయిదున్నరకి అంటే, ఇంటికి చేరేసరికి వెలుతురు పోతుంది. అప్పుడు సూది బెజ్జం ఆయనకీ కనపడదు,” అందావిడ.

వెలుతురు గురించి నిబంధనల్లో ఏమీ లేదు.

ఇప్పుడు ఆవిడ రోజూ పొద్దునా సాయంత్రం వస్తుంది. ఎక్కడ సంతకం పెట్టాలో నేను వేలు పెట్టి చూపిస్తాను. చీటీలో చివరి గడి ‘అప్పగించునాటికి దస్త్రము స్థితి’. మొదట్లో ఆవిడ చెప్పినట్టే ‘బాగుంది’ అని రాసేవాణ్ణి. మొన్న సోమవారం ఆవిడ కాసేపు ఆయన వైపు చూసి, “బాగా నలిగిపోయారని రాయి నాయనా,” అంది. రాశాను.

సాయంత్రానికి ఆ చీటీ మీద ప్రత్యేకాధికారిగారు ఎర్ర సిరాతో వ్యాఖ్య రాసి పంపారు: ‘ఇంటివద్ద మరింత జాగ్రత్తగా వాడవలెను.’