ఆకురాయి పట్టిన గైడు

ఆ రోజు పళ్ళ డాక్టరు లెక్క ప్రకారం మామగారి పని అరగంట. ఆయన ముందుపన్ను కదులుతోంది. దవడలో స్క్రూ దించి, దాని మీద పన్ను తొడుగును సిమెంటుతో అతికించింది ఈ డాక్టరు అల్లుడే. ఇక జన్మలో ఊడదని పదిమందిలో గొప్పలు చెప్పుకున్నదీ ఈయనే. మాట నిలిచింది. తొడుగు ఊడలేదు, లోపలి స్క్రూయే వదులైంది. ఆ సిమెంటు వదలదు గనుక, తొడుగు పగలకుండా స్క్రూను చేరుకోవడానికి ల్యాబులో గైడు చేయించాడు. అది పళ్ళ మీద టోపీలా కూర్చునే ప్లాస్టిక్ అచ్చు. దానికున్న రంధ్రంలోంచి డ్రిల్లు దింపితే సరిగ్గా స్క్రూ తగులుతుంది. బిగించి, బెజ్జం పూడ్చేస్తే సరి.

మామగారు నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ సాయంత్రం అక్కడ కొత్తగా చేరినవాళ్ళకు కొలతల గురించి ఉపన్యాసం ఇవ్వాలి. మాట్లాడితే ఈల వస్తోందని వారం రోజులుగా కుమిలిపోతున్నారు.

గైడు పొద్దున్నే ఆయన ఇంటికి వచ్చింది. ఒకసారి పెట్టి చూసుకుని తీసుకురమ్మన్నాడు అల్లుడు. పెట్టి చూస్తే ఒక పక్క కాస్త బిగువు. బిగువు కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. ఆకురాయితో లోపల నాలుగు పట్లు పట్టి, పనిలో పనిగా రంధ్రాన్ని కూడా కాస్త వెడల్పు చేశారు.

క్లినిక్కులో, ఇంత హాయిగా కూర్చున్న గైడును ఎన్నడూ చూడలేదని డాక్టరు మురిసిపోయాడు. డ్రిల్లు దింపాడు. స్క్రూ తగల్లేదు. ల్యాబువాడికి ఫోన్ చేసి చెడామడా తిట్టి రెండో బెజ్జం వేశాడు, తర్వాత మూడోది. పన్ను జల్లెడైంది.

సంగతి మామగారికి అర్థమైంది గానీ నోటినిండా పనిముట్లు. చెప్పబోయి మూలిగారు. నొప్పి కాబోలనుకుని అల్లుడు ఇంకో మత్తు ఇంజెక్షను ఇచ్చాడు. దాంతో నాలుక కూడా మొద్దుబారింది. చివరికి ఆయన ఎడమచేతి మీద కుడిచేతిని ముందుకీ వెనక్కీ రాసి చూపించారు.

తోడు వచ్చిన కూతురు ముందుకు వంగింది. "కోసెయ్యమంటున్నారండీ."

"ఖాయమేనా?"

"నాన్న పట్టుదల మీకు తెలీదా?"

మామగారు రెండు చేతులూ ఊపారు. తొందరపడుతున్నారని ఇద్దరికీ తోచింది. డాక్టరు తొడుగును రెండు ముక్కలు చేశాడు. కింద, మూడు బెజ్జాలకూ వెంట్రుకవాసి దూరంలో, స్క్రూ తీరిగ్గా కూర్చుని ఉంది. బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది.

మీద కప్పిన గుడ్డ తీశాక మామగారు జేబులోంచి ఆకురాయి తీసి ట్రేలో, గైడు పక్కన పెట్టారు. డాక్టరు గైడును వెలుగులో తిప్పి చూశాడు. బయటికి వెళ్ళి ల్యాబువాడికి మళ్ళీ ఫోన్ చేసి చాలాసేపు బతిమాలాడు. తిరిగొచ్చి, సాయంత్రానికి ఏదో ఒక పన్ను అతికిస్తానన్నాడు. మామగారు వద్దని చెయ్యి అడ్డం పెట్టారు.

సాయంత్రం ఉపన్యాసంలో ఆయన నోరు తెరిచి అందరికీ ఖాళీ చూపించారు. "అవతలివాడు కొలిచి చేసింది బిగువనిపిస్తే, ముందు వాణ్ణి అడగండి. నలభై ఏళ్ళు ఈ మాటే చెప్పాను. ఇవాళ పొద్దున మర్చిపోయాను." మాటల్లో ఈల వస్తూనే ఉంది, ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న అల్లుడికి కళ్ళు చెమర్చాయి. తన సిమెంటు ఊసు రానందుకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కొత్త పన్నుకు కొలతలు తీసుకునే ముందురోజు కూతురు పుట్టింటికి వెళ్ళి, ఆకురాళ్ళన్నీ సంచిలో వేసుకుని వచ్చేసింది.