టేపు వేసిన రెండు డబ్బాలు

ఆ ఉదయం పరిశోధకురాలికి ఉన్నవి రెండే పనులు. భర్తకి మధ్యాహ్నం భోజనం సర్దాలి, మూడేళ్ళు ప్రాణం పెట్టి చేసిన పలకని భద్రంగా ల్యాబుకి చేర్చాలి. పింగాణీ నలుసుల్లో కరెంటు పారే పాలిమర్ కలిపి చేసిన నల్లటి పలక అది. మైక్రోవేవ్ తరంగాలు తగిలితే చాలు, మింగేస్తుంది. మింగుతుందని పన్నెండున్నరకి కమిటీ ముందు రుజువు కాకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. ఉన్నది ఒక్కటే పలక.

వేలి తడి తగలకూడదని దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి టేపు వేసింది. కారిపోతుందని కూర డబ్బాకీ వేసింది. రెండూ ఒకే సెట్టులోవి. అంత చదువుకున్న మనిషి పైన ఒక్క ముక్క రాసిపెట్టలేదు.

ల్యాబులో కమిటీ చూస్తుండగా టెక్నీషియన్ డబ్బా విప్పకుండానే తరంగాలు కొలిచే యంత్రంలో పెట్టాడు. ప్లాస్టిక్ తరంగాలకి అడ్డురాదు కదా. పంపిన తరంగాల్లో నూటికి తొంభై వంతులు మాయమైనట్టు తెర మీద కనబడింది.

"కష్టం ఊరికే పోలేదమ్మా. ఏదీ, ఓసారి చూడనీ," అన్నాడు చైర్మన్.

ఆమె టేపు లాగింది. లోపల బంగాళాదుంప కూర. చైర్మన్ తొంగిచూశాడు.

"ఇదేనా పాలిమర్?"

"కూరండీ. అందులో నీళ్ళున్నాయి. నీళ్ళు కూడా తరంగాల్ని మింగుతాయి."

"అంటే ఇప్పుడు మేం బంగాళాదుంపకి అనుమతివ్వాలా?"

అంతలో భర్త ఫోన్. ఎత్తబోతే వేలు స్పీకర్ మీద పడింది.

"డబ్బాలో ఏం పెట్టావే? మా ఆఫీసు మైక్రోవేవ్ ఓవెన్ తగలబడింది."

"మూత తియ్యలేదా మీరు?"

"ఎప్పుడు తీశాను గనక? ఓవెన్‌లో మా మేనేజర్ సూప్ గిన్నె ఉంటే, దాని పక్కనే పెట్టి ఐదు నిమిషాలు తిప్పాను. నీ డబ్బా కరిగిపోయింది, లోపల ఏదో నల్ల పెంకు భగభగా కాలిపోయింది. అలారం మోగి అందరం రోడ్డున పడ్డాం. మేనేజర్ సూప్ పట్టుకుని నన్నే చూస్తున్నాడు."

మూడేళ్ళ చాకిరీ బూడిదైంది. ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. కమిటీ కమిటీ అంతా నోరెళ్ళబెట్టింది. చైర్మన్ మాత్రం ఫోన్ అందుకున్నాడు.

"బాబూ, ఆ సూప్ వేడెక్కిందా?"

"ఎక్కడండీ, చల్లగా అలాగే ఉంది."

"మీ మేనేజర్‌ని వేలు ముంచి చూడమను."

అవతల ఏదో గొణుగుడు వినిపించింది. "చల్లగానే ఉందట. ఇంతకీ మీరెవరండీ?"

చైర్మన్ ఫోన్ పెట్టేశాడు. ఓవెన్‌లో పుట్టిన తరంగాలన్నీ పలకే మింగేసి, పక్కనున్న సూప్‌కి చుక్కైనా మిగల్చలేదని కమిటీకి వివరించి, ప్రాజెక్టుని ఇంకో మూడేళ్ళు పొడిగించాడు. ఫైలులో సహపరిశోధకుడిగా భర్తని చేర్చి, అర్హత అన్న గడిలో "ఆకలి" అని రాశాడు.