ఏనుగు పట్టే గుమ్మం

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దవాళ్లకు పెద్దది, చిన్న ప్రాణులకు తల దాచుకునే చోటు కూడా లేనిది, అలాంటి అడవిలో ఒక సంక్షేమ సంఘం ఉండేది. దానికి అధ్యక్షుడు ఎలుగుబంటి. ఏ పనీ చేయడు కాబట్టి ఏ తప్పూ చేయలేదని ఆయనకు మంచి పేరు. కార్యదర్శి నక్క. సంఘం నడిచేది నక్క బుర్రతో, ఎలుగుబంటి పొట్ట కోసం.

ఆ ఏడు సభలు పెట్టుకోవడానికి మైదానం కావాలని సంఘానికి బుద్ధి పుట్టింది. వాగు దగ్గరి ఎర్రమట్టి దిబ్బను చదును చేయించారు. అందులో బొరియలు తవ్వుకుని బతుకుతున్న ఆడప్రాణులు పిల్లాజెల్లాతో వీధిన పడ్డారు. దిబ్బ చివర ఒక్క బొరియ మాత్రం చదును కాలేదు. అది ఏదుపంది నరసమ్మది. ఆవిణ్ణి వెళ్లగొట్టి కార్యదర్శి గారు అందులో తాత్కాలికంగా చేరారు. నక్కలకు తవ్వడమంటే బద్ధకం గానీ, ఎవరో తవ్వినదాంట్లో చేరడం తాతల నాటి విద్య.

మైదానం తయారైంది. మొదటి సభ దేనికి పెట్టాలి? ఇల్లు లేని ఆడవాళ్ల కోసం పెట్టారు. వాళ్లను వెతుక్కోవాల్సిన శ్రమ కూడా లేకపోయింది, చుట్టూ వాళ్లే.

"వీళ్లకు నీడ ఇద్దాం, పని నేర్పుదాం, తమ కాళ్ల మీద తాము నిలబడేలా చేద్దాం" అన్నాడు ఎలుగుబంటి గొంతు బొంగురు చేసుకుని.

"కాళ్లున్నాయి నాయనా, నిలబడే నేలే లేదు" అని వెనక నుంచి నరసమ్మ గొణిగింది. ఆ మాట వేదిక దాకా రాలేదు. వచ్చినా ఎక్కేది కాదు.

పక్క అడవి ఏనుగమ్మ గొప్ప దాత. సాయం ఆవిడ పంపింది, ప్రారంభోత్సవానికి కూడా ఆవిడనే పిలిచారు. ఇల్లు కట్టారు. మరి అతిథి లోపలికి రాకుండా ప్రారంభోత్సవమేమిటి? అందుకని గుమ్మం ఏనుగు పట్టేంత పెట్టారు. ఏనుగు పట్టే గుమ్మంలో గాలివాన కూడా పడుతుంది, చిరుతపులి కూడా పడుతుంది. ఆ ముక్క చెప్పాల్సింది అందులో పడుకోబోయేవాళ్లు. వాళ్లను ఎవరూ అడగలేదు.

డప్పులు మోగాయి. ఆ ఇంటి మొదటి ఇల్లాలిగా, ఒంటి నిండా పొలుసులున్న అలుగు కోటమ్మను ముందుకు తోశారు. ఆవిడ తోక మీద పసిగుడ్డు. అలుగులకు ఒక అలవాటు: భయం వేస్తే పిల్లను పొట్టలో దాచుకుని ఉండ చుట్టుకుపోతాయి. డప్పు చప్పుడుకు కోటమ్మ ఉండైపోయింది. దండ ఎక్కడ వేయాలో తెలియక ఎలుగుబంటి ఉండ మీద పెట్టి దండం పెట్టాడు.

"ఆనందం పట్టలేక మాట రావడం లేదమ్మా, పాపం" అని నక్క ఏనుగమ్మకు వివరించాడు.

"సరే. వానలు పడ్డాక మళ్లీ వస్తాను. ఎవరు ఎక్కడుంటున్నారో నా కళ్లతో చూడాలి" అని ఏనుగమ్మ వెళ్లిపోయింది.

మర్నాడు కోటమ్మ నక్క దగ్గరికి వచ్చింది.

"అయ్యా, ఆ ఇంట్లోకి చిరుత వచ్చి మమ్మల్ని వాసన చూసి పోయింది. నాకది వద్దు. ఈ వాగు గట్టున కాస్త చోటు చూపించండి. వానల్లోపు నా తంటాలు నేను పడతాను. పిల్ల తడిస్తే దక్కదు."

"చోటా! నేలంతా సంఘానిదమ్మా. అనుమతి లేకుండా గోరు దించితే నేరం."

"అనుమతి ఎవరిస్తారు?"

"నేనే ఇస్తాను. ముందు తవ్వకంలో శిక్షణ పూర్తిచెయ్యి."

"తవ్వకం పుట్టుకతో వచ్చింది కదయ్యా మాకు."

"అదే వద్దన్నది! నువ్వు అలవాటు కొద్దీ తవ్వుతావు. మేం శాస్త్రం ప్రకారం నేర్పుతాం."

శాస్త్రం నక్క ఇంట్లోనే మొదలైంది. అత్తవారు వస్తే ఉండడానికి ఆయనకు వెనక ఒక గది కావాలి. అది కోటమ్మ తవ్వింది. నరసమ్మను ఎలుగుబంటి దగ్గరికి పంపారు. అక్కడ శిక్షణ చెదపుట్టలు తవ్వడంలో. చెదలు అధ్యక్షుల వారికి, మట్టి నరసమ్మకు. తవ్విన ప్రతిసారీ "ఇంకా చెయ్యి తిరగాలి" అనేవారు. ఇది చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఊడిగం చేయించుకుని దానికి విద్యాదానం అని పేరు పెట్టుకునే జాతి అడవిలో ఇంకోటి ఉండదేమో.

ఇంతలో వానలు రానే వచ్చాయి. ఒక సాయంత్రం కుండపోత. పెద్ద గుమ్మం ఇంట్లోకి వాగే వచ్చేసింది. తోక మీద పిల్ల ఒణికి ఒణికి కీచుమనడం కూడా మానేసింది. కోటమ్మకు ప్రాణం పోయినంత పనైంది. తను తవ్విన గది వైపు పరుగెత్తి, నక్క గుమ్మం ముందు ఆగిపోయింది. నక్క ఇంట్లో లేడు, ఎలుగుబంటి ఇంట్లో విందుకు వెళ్లాడు.

వెనకే వచ్చిన నరసమ్మ అంది, "ఆగావేం వదినా? లోపలికి నడు."

"పరాయి ఇల్లు కదా వదినా."

"ఎవరికి పరాయి? ముందు గది నేను తవ్వుకున్నది. వెనక గది నువ్వు తవ్వింది. ఆ నక్క తవ్విన గది ఏదో చూపించు, అందులోకి మనం వెళ్లొద్దు."

కోటమ్మ వెనక గదిలోకి దూరి, పిల్లను పొట్టలో పెట్టుకుని ఉండ చుట్టుకుంది. కాసేపటికి పొట్టలోంచి సన్నగా కీచుమని వినబడింది. కోటమ్మ ఏడ్చింది.

విందు ముగించుకుని నక్క తడిసి ముద్దయి వచ్చాడు. "ఎవరది నా ఇంట్లో?"

"మేమేనయ్యా. తాత్కాలికంగా చేరాం" అంది నరసమ్మ, గుమ్మానికి వీపు పెట్టి ముళ్లు విప్పుకుని.

"ఏమిటీ దౌర్జన్యం!"

"శిక్షణేనండీ. ఇల్లు తవ్వడం అయింది. ఇంట్లో ఉండడం నేర్చుకుంటున్నాం."

నక్క లోపలికి మూతి పెట్టాడు. ముళ్లు దిగబడ్డాయి. కుయ్యో మొర్రో అంటూ తిరిగి ఎలుగుబంటి ఇంటికే పరుగెత్తాడు.

తెల్లారి వీళ్లను ఈడ్పించాలని ఇద్దరూ బయల్దేరేసరికి ఎదురుగా ఏనుగమ్మ. పెద్ద గుమ్మం ఇంట్లో కప్పలు ఈదుతున్నాయి.

"ఇదేమిటి? ఆడవాళ్లేరీ?" అని గర్జించినంత పని చేసింది.

ఎలుగుబంటి నక్క వైపు చూశాడు. నక్క బుర్ర గిర్రున తిరిగింది. తన ఇల్లు ఆక్రమించారని చెబితే, వాళ్లకిచ్చిన ఇల్లేదని అడుగుతుంది. అడిగితే సాయం ఆగిపోతుంది.

"అది నమూనా అమ్మా. అసలు ఇల్లు ఇటు" అన్నాడు, వాచిన మూతితో.

ఏనుగమ్మ వంగి బొరియలోకి చూసింది. వెచ్చగా, పొడిగా ఉంది. అలుగు పిల్ల తల్లి తోకెక్కి ఆడుకుంటోంది. "ఇల్లంటే ఇదీ! ఎవరి కొలతకు వాళ్లది. ఇది వీళ్లకే సొంతమని అందరి ముందూ చెప్పు. ఈ గట్టున మిగతావాళ్లు కూడా ఇలాగే తవ్వుకుంటారని చెప్పు."

నక్క చెప్పాడు. అడవంతా చప్పట్లు కొట్టింది. దండ ఎలుగుబంటి వేయించుకున్నాడు.

జనం వెళ్లాక నక్క ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "అయ్యా, నేనెక్కడుండాలి?"

"నాకూ జాలేనయ్యా. కానీ మన పథకం ఆడవాళ్లకే కదా" అని ఎలుగుబంటి నిద్రకు వెళ్లిపోయాడు.

నక్క మళ్లీ బొరియ దగ్గరికి వచ్చాడు. "కోటమ్మా, నీ శిక్షణ ఇంకా మిగిలి ఉంది..."

"లేదయ్యా. తాత్కాలికంగా చేరడం మీరు చేసి చూపించారుగా, వచ్చేసింది" అంది కోటమ్మ లోపలి నుంచి.

నీతి: ఇల్లు లేని ఆడవాళ్లకు పని నేర్పే పెద్దమనుషులు, తమకు వచ్చిన పనిని మాత్రం వాళ్ల కళ్లెదుట చేయకూడదు.