సున్నివా లోపలే ఉంది

సెలవు మంజూరైందన్న కబురు వచ్చేసరికి సున్నివా నోట్లో దాల్చినచెక్క బన్ను ఉంది. బన్నుతోనే కేక పెట్టింది. పెళ్లయినప్పటి నుంచి రెండుసార్లు వాయిదా పడ్డ సెలవు మరి!

"ఎస్కిల్! వారమంతా ద్వీపంలోనే! పడవకి టైమైపోతోంది, లే!"

ఎస్కిల్ పిండి చేతులతోనే వచ్చి కొత్త పెళ్లాన్ని గిర్రున తిప్పేశాడు. కాఫీ ఫ్లాస్కు, మిగిలిన బన్నులు, రెండు జతల రబ్బరు బూట్లు సంచిలోకి చేరాయి. ఆమె ఇంటి నుంచి పనిచేసే ల్యాప్‌టాప్ మూత టప్పున పడింది. లాగౌట్ అన్న మాటే ఎవరికీ తట్టలేదు.

ద్వీపంలో వాళ్ల చెక్క కుటీరం దగ్గర సిగ్నల్ దొరికేది ఒక్కచోటే: పెరట్లో మరుగుదొడ్డి కప్పు మీద. చేరామని అమ్మకు ఫొటో పంపుదామని ఎక్కిందో లేదో, ఫోన్ మోగింది. పడవల ఆఫీసులో ఆమె జోడీ ఉద్యోగి ఒడ్‌వార్.

"తల్లీ, బయటికి రా! పొద్దుట్నుంచీ గుమ్మంలోనే నిలబడ్డాను. ‘సున్నివా లోపలే ఉంది’ అంటోంది సిస్టమ్."

ఆఫీసు కంప్యూటర్‌లో వాళ్ల విభాగానికి ఒక్కరికే చోటు. ఒకరు వెళ్తేనే ఇంకొకరికి ప్రవేశం.

"సిస్టమ్ చూసే ఆయన్ని అడక్కపోయావా?"

"ఆయనా సెలవు పెట్టి తన కుటీరానికి పోయాడు. ఫోనెత్తడు. సాయంత్రంలోగా వేసవి పడవల వేళలు ఎక్కకపోతే నీ సెలవు రద్దంటోంది గున్‌హిల్డ్."

గున్‌హిల్డ్ అంటే పై అధికారి. అన్నదంటే చేస్తుంది.

సున్నివా ఫోన్లోంచే లాగిన్ అయింది. పాత సున్నివాను పంపేయమంటావా అని సిస్టమ్ అడిగింది. పంపేయమంది. లాగౌట్ నొక్కేలోగా పాత సున్నివా తిరిగొచ్చి కొత్త సున్నివానే బయటికి గెంటేసింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ గెంటేసింది.

"ఎస్కిల్! ఇంట్లో దొంగ పడ్డాడు! నా పేరుతో పనిచేస్తున్నాడు!"

"పనిచేస్తుంటే చెయ్యనీ, ఆ వేళలేవో వాణ్ణే ఎక్కించమను," అన్నాడు కింద నిచ్చెన పట్టుకున్న ఎస్కిల్. అంతలోనే అతని మొహం పాలిపోయింది. "సున్నూ... దొంగ కాదే. నేనే. కనెక్షన్ తెగిపోతోందని మొన్న ఏడ్చావు కదా? మూతేసినా, ఎవరు తెంచినా, మళ్లీ దానంతటదే కలిసేలా పెట్టాను. నీకు పెళ్లికానుకగా చెబుదామని..."

కప్పు మీద నుంచి ఒక రబ్బరు బూటు రాలిపడింది. గురి బాగానే ఉంది.

తిరిగొస్తున్నామని ఎస్కిల్ కప్పెక్కి గున్‌హిల్డ్‌కు ఫోన్లో చెప్పాడు. బన్నులు విప్పకుండానే తిరుగు పడవ ఎక్కారు. ఎదురొస్తున్న పడవ మీద గేలపుకర్ర ఊపుతూ ఎవరో హుషారుగా చెయ్యెత్తారు.

"అచ్చం ఒడ్‌వార్‌లా ఉన్నాడు. పాపం, అక్కడ ఆయన నాకోసం ఎంత అవస్థ పడుతున్నాడో," అని సున్నివా కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చి, ఎస్కిల్ పెట్టిన మెలిక విప్పించి, లాగౌటై, గున్‌హిల్డ్‌కు ఫోన్ చేసింది.

"వచ్చేశావా? మంచి పని చేశావు. గుమ్మంలో నిలబడీ నిలబడీ ఒడ్‌వార్‌కి తలనొప్పొచ్చింది. నువ్వు తిరిగొస్తున్నావని మీ ఆయన చెప్పాడుగా, నీ సెలవు వారం అతనికిచ్చేశాను. గడువు రేపటికి జరిపాను, పొద్దున్నే ఆ వేళలు నువ్వే ఎక్కించు."

సున్నివా చల్లారిన బన్ను పట్టుకుని అలాగే కూలబడింది. ఎస్కిల్ పక్కన చేరి మెల్లగా భుజం తట్టాడు.

"దిగులుపడకు. రేపు ఎనిమిదింటికి దానంతటదే లాగినయ్యేలా పెడతాను."