ఉప్పు చల్లిన హంతకుడు

"ఈ భూమ్మీద నేరస్తులు రెండే రకాలు, బామ్మర్దీ. నాకు దొరికిపోయినవాళ్లు, నా కంటపడే అదృష్టం ఇంకా కలగనివాళ్లు!"

ఈ మాట అంటున్నప్పుడు మా బావ ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఒకటి, మెడలో తాడుకి ఇంకొకటి ఉన్నాయి. నాలుగోదాని కోసం సోఫా కింద వెతుకుతున్నాడు. బావకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. అది పొట్టకూటికట, అసలు వృత్తి డిటెక్టివట. నాకు తెలిసి ఆయన తేల్చిన కేసు ఒక్కటే, పోయిన గొడుగుది. ఎదురింటాయన్ని మూడు చెరువుల నీళ్లు తాగించాక అది బావ దుకాణంలోనే దొరికింది. అప్పట్నుంచి ఆయన మమ్మల్ని చూస్తే గేటు వేసుకుంటాడు.

"ఏవండీ! తమ్ముడూ! ఒక్కసారి ఇటు రండి!" హాల్లోంచి అక్క కేకేసింది.

అక్క పళ్ల డాక్టరు. పగలంతా నోరు తెరుచుకుని కూడా మాట్లాడలేని మనుషులతో గడిపి, సాయంత్రం చేపలతో కబుర్లు చెప్పుకుంటుంది. హాల్లో గోడంత అద్దాల తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్లు, రాళ్ల మీద బతికున్న పగడాలు, ఒక మీసాల రొయ్య, నాలుగైదు చేపలు. వాటిలో నారింజ రంగు మీద తెల్ల చారలున్నవాడు చంటోడు. అక్క క్లినిక్ తెరిచిన ఏడాది కొన్నది. ఆవిడ అద్దం మీద వేలు పెడితే చాలు, వచ్చి ఎదురుగా నిలబడతాడు.

ఆ రోజు రాలేదు. ఒంటి నిండా తెల్ల చుక్కలతో రాతికేసి ఒళ్లు రుద్దుకుంటున్నాడు. ముందు రోజే నీలం చేప చచ్చిపోయింది. దాని మీదా ఇవే చుక్కలు.

"ఏదో జబ్బురా. తొట్టిలో మందు పోద్దామంటే పగడాలూ రొయ్యా చస్తాయంట. చేపల దుకాణానికెళ్తే తాళం. ఆయన సరుకు కోసం ఊరెళ్లాడట," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "చంటోడు కూడా పోతే ఈ తొట్టి తీసేస్తాను. ఇంక నావల్ల కాదు."

అక్క అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

బావ మాత్రం ముక్కు అద్దానికి ఆనించి చూసి, గిర్రున తిరిగాడు. "జబ్బా! నా మొహం! ఇది హత్య. ఎవడో చేపల మీద ఉప్పు చల్లాడు."

"బావా, అవి ఉండేదే ఉప్పునీళ్లలో."

"చూశావా, ఎవరికీ అనుమానం రాని ఆయుధం! వీడు మామూలోడు కాదు."

"మరి ఉప్పు కరిగిపోదూ?"

"కరగని ఉప్పు! మామూలోడు కాదంటే వినవేం!" అని రొయ్య వైపు వేలు చూపించాడు. "ఆ మీసాలవాడు పొద్దున్నించీ చంటోడి ఒళ్లు తడుముతున్నాడు."

"అది చేపల ఒళ్లు శుభ్రం చేసే రొయ్యండీ."

"సాక్ష్యాలు శుభ్రం చేస్తోందన్నమాట." రొయ్యకేసి వంగి, "ఊరు దాటి వెళ్లొద్దు," అని హెచ్చరించాడు. "లోపలి సంగతులు నాకు చేరుతూనే ఉంటాయి. మొన్న నేను దింపిన ఆ పసుపు చేప ఉందే, అది నా మనిషి."

"అదేంటి, పెళ్లిరోజు కానుక అన్నారు?"

"పైకి కానుక!"

అక్క నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"సాక్షులందర్నీ వెంటనే రహస్య స్థావరానికి తరలించాలి!" అన్నాడు బావ.

"ఇక్కడుంటే ఎలాగూ దక్కేలా లేవు," అంది అక్క నిట్టూర్చి. "ఉప్పు కొలతా నీళ్ల వెచ్చదనం మాత్రం నేనే చూస్తాను."

సరే, తొట్టిలో నీళ్లే ముంచబోయాను. బావ ఎగిరిపడ్డాడు. "నేరస్థలంలోది చుక్క కూడా కదపకూడదు!" చేసేదేముంది, మేడమీది బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ టబ్బు నిండా కొత్త నీళ్లు మోసి, ఉప్పు కలిపి, గాలి మోటారు పెట్టి చేపల్ని దింపాం.

మూడో రోజు బావ రొప్పుకుంటూ వచ్చాడు. "స్థావరం బయటపడింది! ఎదురింటాయన మన కిటికీ వైపు చూశాడు."

మళ్లీ ఇంకో టబ్బు, మళ్లీ కొత్త నీళ్లు. పాత టబ్బుని వేలిముద్రలు మిగలకుండా మరిగే నీళ్లతో కడిగి డాబా మీద ఎండలో ఆరబెట్టమన్నాడు.

"చేపలకి వేళ్లెక్కడివి బావా?"

"అందుకే వాటి మీద ఎవరికీ అనుమానం రాదు. కడుగు!"

మూడేసి రోజులకోసారి ఆయనకి ఏదో ఒక అనుమానం తగలడం, నేను బకెట్లు మోయడం. నా నడుము సంగతి ఎవరికీ పట్టలేదు. మిగతా వేళంతా బావ చేపల్లేని తొట్టి ముందు, కర్టెన్ చాటున కుర్చీ వేసుక్కూర్చున్నాడు. "హంతకుడు మళ్లీ వస్తాడు. చేప దొరక్క మలమల మాడి చస్తాడు, చూడు!"

నాలుగోసారి మారుస్తుంటే వలలో చంటోడు నిగనిగలాడుతూ కనిపించాడు. ఒంటి మీద ఒక్క చుక్క లేదు. అక్కని పిలిచాను. ఆవిడ అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, తడి నేల మీదే చతికిలబడి నవ్వింది.

మర్నాడు చేపల దుకాణం ఆయన వచ్చాడు. అంతా విని నోరెళ్లబెట్టాడు.

"సార్, ఈ వైద్యం మీకెవరు చెప్పారు? ఇది చేపల్ని తినే పురుగు. కొన్నాళ్లు తిని, ఒంటి మీంచి రాలి, అడుగున అంటుకుని పిల్లలు పెడుతుంది. అవి మళ్లీ చేపల్ని పట్టుకుంటాయి. ఆ పిల్లలు పుట్టేలోపే మీరు చేపల్ని కొత్త నీళ్లలోకి మార్చేసి, పాత టబ్బు ఎండబెట్టేశారు. చంటోడు బతికింది అందుకే!"

బావ చొక్కా గుండీలు తెగిపోతాయేమో అనిపించింది.

"ఇంతకీ ఈ పురుగు ఊరికే రాదు. కొత్త చేపేమైనా..." అంటూ ఆయన టబ్బులోకి తొంగిచూశాడు. "ఇదేంటి, ఈ పసుపుది మా దుకాణంలోదే! తొట్టిలో వేసేముందు నెల రోజులు విడిగా ఉంచమన్నాను కదా సార్!"



"నా మనిషి..." అన్నాడు బావ. ముక్కు మీదిదీ, నుదుటి మీదిదీ, మెడలోదీ, కళ్లజోళ్లన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. "అంటే నీలం చేపని చంపింది నేనా?"

"అవును," అంది అక్క. టబ్బులో చంటోణ్ణి చూస్తూ, "చంటోణ్ణి బతికించిందీ మీరే. మిమ్మల్ని ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు," అంది.

నాకు బావని చూసి మొదటిసారి జాలేసింది.

"ఇంకో మాట," అన్నాడు దుకాణం ఆయన. "తొట్టిలో మిగిలిన పురుగులు ఆకలితో చావాలంటే ఇంకో రెండు నెలలు అందులో చేప ఉండకూడదు."

"నిఘా నేను చూసుకుంటాను," అన్నాడు బావ, చాలా చిన్న గొంతుతో.

అన్నట్టే చూసుకున్నాడు. రోజూ అద్దం తుడిచాడు, పగడాలకి మేత వేశాడు. రొయ్యకి క్షమాపణ చెప్పుకోవడం నా చెవులారా విన్నాను.

రెండు నెలలయ్యాక చేపల్ని తిరిగి తొట్టిలో వదిలాం. అక్క అద్దం మీద వేలు పెట్టింది. చంటోడు నేరుగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే గుమ్మంలో బావ కనిపించాడు. చేతిలో నీళ్ల కవరు, అందులో చిన్న నీలం చేప. అక్క మొహం పాలిపోయింది. బావ గడప దాటలేదు.

"కంగారుపడకు. ఇది నా మనిషి కాదు, అనుమానితుడు. నెల రోజులు బాత్‌రూమ్‌లో విచారణ. నిర్దోషి అని తేలితేనే హాల్లోకి."

అక్క లోపలికెళ్లి ఉప్పు ప్యాకెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నేను బకెట్ అందుకున్నాను.