తప్పిన గిన్నెకు రెండు ముక్కలు

మడివాళ మార్కెట్ వీధికుక్కలకు మనిషి వేలు చూపిస్తే అర్థం కాదన్న సంగతి శాస్త్రీయంగా రుజువు కావడానికి ఇంక పదకొండు రోజులే ఉన్నాయి. డాక్టర్ డానియల్ ఉద్యోగానికి మిగిలినవీ ఆ పదకొండు రోజులే.

ప్రయోగం సులువైనది. మూతపెట్టిన గిన్నెలు రెండు. ఒకదానిలో చికెన్ ముక్క. డానియల్ ఆ గిన్నె వైపు వేలు చూపిస్తాడు. కుక్క అటు వెళ్తే ముక్క దానిది. రెండో గిన్నె దగ్గరికి వెళ్తే, దాని మనసు నొచ్చుకోకుండా రెండు ముక్కలు పెట్టాలి. ఇది పరిశోధన సంస్థ నైతిక ప్రమాణాల సంఘం విధించిన షరతు. సంఘంలోని ఏడుగురూ సంతకం పెట్టారు. డానియల్ కూడా పెట్టాడు.

మూడేళ్లలో ఏడో నంబరు కుక్క నాలుగు వందల పన్నెండుసార్లు పరీక్షకు కూర్చుంది. నాలుగు వందల తొమ్మిదిసార్లు తప్పింది. కళ్లు మూసుకుని వెళ్లినా సగం ఒప్పు కావాలి. ఈ విషయంపై డానియల్ ముప్పై నాలుగు పేజీల అధ్యాయం రాసి, వాహనాల హోరు, పోషకాహార లోపం కారణాలని తేల్చాడు. ఏడో నంబరు ఒళ్లు చేసి మెట్లెక్కలేకపోతోందన్న సంగతి అనుబంధంలో చేర్చాడు.

పక్కన పూలమ్మే గంగమ్మ మూడేళ్లుగా చూస్తూనే ఉంది. ఆ రోజు మల్లెలు మూరేస్తూ అడిగింది.

“ఇంకా దాన్ని పరీక్ష చేస్తా ఉండావా అప్పా?”

“దానికి అర్థం కావడం లేదు గంగమ్మా.”

“కాకేమి? సరిగ్గా పోతే ఒకటి, తప్పితే రెండు. నువ్వైతే ఏ గిన్నెకు పోతావు?”

డానియల్ గదికి వెళ్లి పాత పట్టికలు తీశాడు. మొదటి మూడుసార్లు ఒప్పు. నాలుగోసారి కుక్క పొరపాటున తప్పింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా పొరపాటు చెయ్యలేదు.

అంటే కుక్కకు వేలు అర్థమవుతుంది, లెక్క వస్తుంది, డాక్టరేట్ ఉన్న మనిషికి శిక్షణ ఇవ్వడమూ వస్తుంది. డానియల్ ఆ మాటే నివేదికలో రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో సంస్థ నియమావళి తిరగేశాడు. ఫలితం తేలిన ప్రాజెక్టును వెంటనే ముగించాలి. తేలని ప్రాజెక్టుకు మూడేళ్ల పొడిగింపు, ఒక జీపు.

నివేదిక చివరి వాక్యం ఇలా వచ్చింది: “స్పష్టత రాలేదు. మరింత పరిశోధన అవసరం.”

పదకొండో రోజు సంస్థ సభలో అధ్యక్షుడు వెంకటగిరియప్ప మాట్లాడారు. ఆయన సొంత ప్రాజెక్టుకు ఇది పంతొమ్మిదో ఏడు.

“సత్యాన్వేషణకు తొందర పనికిరాదు. ఎన్ని ఆధారాలు ఎదురైనా ఏ నిర్ణయానికీ లొంగని ఈ యువకుడు మన సంస్థకు ఆదర్శం!”

చప్పట్లు కొట్టినవారిలో ప్రాజెక్టు ముగిసినవారు ఒక్కరూ లేరు.

సోమవారం డానియల్ జీపులో మార్కెట్‌కు వచ్చాడు. వేలు చూపించాడు. ఏడో నంబరు రెండో గిన్నె దగ్గరికి వెళ్లి కూర్చుంది.

గంగమ్మ జీపు చుట్టూ తిరిగి చూసింది.

“నువ్వూ తప్పినావా అప్పా?”

“తప్పాను.”

“ఏమిచ్చినారు?”

“మూడేళ్లు. ఈ జీపు.”

గంగమ్మ కుక్క వైపు చూసింది.

“పాపం, దానికి రెండు ముక్కలే ఇస్తా ఉండావు.”