గ్రాఫిక్స్ కార్డుకి ఊలు చొక్కా

ఒక కంపెనీ ఒక వ్యాపారంలోంచి తప్పుకోవడమంటే మనం పక్కింట్లోంచి లేచి ‘వెళ్లొస్తానమ్మా’ అని చెప్పులేసుకున్నంత తేలిక కాదు. దానికో ప్రకటన కావాలి. ప్రకటనకో కారణం కావాలి. ఆ కారణం అసలు కారణం కాకుండా చూసుకునే ఆఫీసరొకడు కావాలి.

కంప్యూటర్లలో బొమ్మలకి ప్రాణం పోసే గ్రాఫిక్స్ కార్డులు చేసే కంపెనీ ఒకటి ఈ మూడూ సమకూర్చుకుని, ‘మార్కెట్టు పరిణతి చెందినందున ఇకమీదట మేము కార్డులు చెయ్యము’ అని ప్రకటించింది. (పరిణతి చెందినవాళ్లని నడిరోడ్డు మీద వదిలేసి వెళ్లొచ్చని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.)

ఆ వారంలోనే ఊలు బామ్మ ఇంట్లో కార్డు చెడిపోయింది.

ఊలు బామ్మంటే ఎవరో చెప్పాలి కదా. చదువు తక్కువ, చెయ్యి చురుకు. ఇంట్లో కదలకుండా ఉన్న ఏ వస్తువుకైనా ఊలుతో ఓ చొక్కా తొడిగితే గానీ ఆవిడకి ముద్ద దిగదు. టీవీకొకటి, మిక్సీకొకటి, నీళ్ల ఫిల్టరుకి కుచ్చులతో ఒకటి. ఆవిడ అల్లుతుంటే కొడుకు ఫోన్లో వీడియో తీసి లోకానికి పెట్టేవాడు; ఎవరు చూస్తారో ఆవిడెప్పుడూ అడగలేదు. ఓసారి కొడుకు సోఫాలో మరీ ఎక్కువసేపు నిద్రపోతే భుజాల కొలత కూడా తీసేసుకుంది. కోడలి కంప్యూటరు పెట్టెకీ తొడిగింది: నీలం ఊలు, నడుమ తెల్లపువ్వు, చుట్టూ కుచ్చులు.

కోడలి పని, ఇంకా కట్టని ఇళ్లకి కట్టేసినట్టే బొమ్మలు చెయ్యడం. గోడలూ, కిటికీలూ, కిటికీలోంచి నేలమీద పడే ఎండా, అన్నీ అందులో ఉంటాయి. సాయంత్రం ఓ మీట నొక్కి వదిలేస్తే బొమ్మ తెల్లారేదాకా లోపల్లోపలే తయారవుతూ ఉంటుంది. తెర మాత్రం చీకటి. ఆ చీకటి చూసి బామ్మ, ‘పాపం, పడుకుంది’ అనుకుని రోజూ చొక్కా తొడిగేది. పొద్దున్నే కోడలు లేవకముందే తీసి మడతపెట్టేది. కడుపున పుట్టినవాళ్లని కూడా ఇంత శ్రద్ధగా చూసుకోలేదు. (పుట్టినవాళ్లూ ఆ మాటే అంటారు.)

కార్డు పోయిన రోజు కోడలు గదిలో నేలమీద కూలబడింది.

“శుక్రవారానికి బొమ్మలివ్వకపోతే బిల్డరు వేరేవాళ్లని పెట్టుకుంటాడట అత్తయ్యా. నా చేతిలో ఉన్నది ఈ ఒక్క పనే. కొత్త కార్డు కొందామంటే ఏ షాపులోనూ లేదు. వీళ్లు మానేస్తున్నారనగానే జనం ఎగబడి కొనేశారు.”

“గ్యారంటీ ఉందిగా? నే పట్టుకెళ్తాలే. నాదేం పని, కూర్చోవడమే. ఇక్కడ కూర్చుంటే ఏమిటి, అక్కడ కూర్చుంటే ఏమిటి?”

కోడలు ఇటుకంత ఉన్న ఆ కార్డుని కంప్యూటరు పెట్టెలోంచి ఊడదీసి ఇచ్చింది. చలేస్తుందేమోనని బామ్మ దాన్ని ఆ నీలం చొక్కాలోనే చుట్టి సంచిలో పెట్టుకుంది.

కంపెనీ ‘సేవా కేంద్రం’ బోర్డు ముందు ‘వీడ్కోలు’ అన్న కాగితం అంటించి ఉంది. లోపల హాలు నిండా జనం. అద్దం వెనకాల నిష్క్రమణాధికారి. (మూతపడుతున్న విభాగంలో కొత్తగా ఉద్యోగం దొరికిన మనిషి ఆయనొక్కడే. అందుకని మొహం కళకళలాడుతోంది.)

“బాబూ, కార్డు పాడైంది.”

“కంపెనీ తరఫున సానుభూతి తెలుపుతున్నామమ్మా.”

“బాగుచేస్తారా మరి?”

“గ్యారంటీ పూర్తిగా వర్తిస్తుంది. కాకపోతే మీరు దాన్ని కార్డు అనకూడదు. మేం కార్డులు చెయ్యని కంపెనీ. చెయ్యని వస్తువు పాడవదు కదమ్మా.”

“మరి నా చేతిలో ఉన్నదేంటి నాయనా?”

“పూర్వ ఉత్పత్తి. పూర్వ ఉత్పత్తుల్ని యాప్‌లో నమోదు చేసుకోవాలి.”

“ఎక్కడ నొక్కాలో చూపించు, నొక్కేస్తా.”

“యాప్ తెరుచుకోవాలంటే మా కొత్త కార్డు ఒకటి కొని ఉండాలి.”

“కొత్తవి మానేశారుగా!”

“అందుకే ఈమధ్య యాప్ చాలా సాఫీగా నడుస్తోందమ్మా,” అన్నాడాయన మనస్ఫూర్తిగా.

బామ్మ అద్దానికి ఇంకాస్త దగ్గరగా వంగింది. “నిజం చెప్పు బాబూ, ఎందుకు మానేశారు?”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మనలో మాట. కార్డులన్నీ ఎందుకో వేడెక్కి పోతున్నాయమ్మా. నిపుణుల సంఘం వేశాం. ఎండలన్నారు, కరెంటన్నారు, కుర్రకారు ఆటల్లో ఆవేశం అన్నారు. చివరికి ‘అకారణ వేడి’ అని తేల్చారు. కారణం లేని జబ్బుకి మందెక్కడ తెస్తాం? వెళ్లిపోతున్నాం.”

‘పాపం వెర్రినాగన్నలు’ అనుకుంటూ బామ్మ వెళ్లి బెంచీ మీద కూర్చుంది. పక్కన ఫొటోలు తీసే ఆయన ఉన్నాడు. ఆయన ఒళ్లో కార్డు. కార్డుకి నీలం ఊలు, నడుమ తెల్లపువ్వు, చుట్టూ కుచ్చులు.

బామ్మ ప్రాణం లేచొచ్చింది. “ఇదెక్కడిది బాబూ?”

“మా వదిన అల్లిందండీ. ఫోన్లో ఎవరో బామ్మ నేర్పిస్తుందిట, లక్షలమంది చూస్తారట. కంప్యూటరుకి దుమ్ము పట్టదని రోజూ కప్పి పడుకుంటుంది.”

బామ్మ హాలంతా కలియజూసింది. ప్రతి ఒళ్లోనూ తెల్లపువ్వే. కాసేపు ఒళ్లు పులకరించింది. తన అల్లిక ఇంతమందికి చేరిందే అని కళ్లు చెమర్చాయి కూడా. అప్పుడు తన సంచిలోంచి కార్డు తీసి, దాని ఫ్యాన్లకేసి మొదటిసారి సరిగ్గా చూసింది. పెట్టె కంతల్లోంచి లోపలికి దూరిన నీలం కుచ్చు పోగు, ఇరుసు చుట్టూ కండెకి చుట్టినంత బిగువుగా చుట్టుకుని ఉంది.

పులకరింత దిగిపోయింది. ఇంత పెద్ద కంపెనీని, అడ్డమైన నిపుణులూ ఉన్న కంపెనీని, కుర్చీలోంచి లేవకుండా రెండు పుల్లలతో మార్కెట్టులోంచి తరిమేసిన మనిషి లోకంలో తనొక్కతే అయ్యుంటుంది. (కుచ్చులు వద్దని కొడుకు అప్పుడే అన్నాడు. ‘నీకేం తెలుసు కళ’ అంది.)

ఇంక ఆలోచించలేదు. రొండినున్న అల్లిక కొక్కెం తీసి, పోగు అంచు పట్టి, మెల్లగా లాగింది. అల్లిన చేతికి విప్పడం ఎంతసేపు? వేలితో తోస్తే ఫ్యాను గిర్రున తిరిగింది.

“బామ్మగారూ, మాదోసారి...” అన్నాడు ఫొటోలాయన.

“ఇలా తే. ఎందుకు పోయిందని మాత్రం అడక్కు.”

ఆయన వెనకాల ఇంకొకరు, వాళ్ల వెనకాల ఇంకొకరు. సాయంత్రానికి బామ్మ ఒళ్లో బంతంత ఊలు పోగైంది, హాలు ఖాళీ అయింది. నిష్క్రమణాధికారి బయటికొచ్చి, ఖాళీ బెంచీలు చూసి, అక్కడికక్కడే పైవాళ్లకి ఫోన్ చేశాడు.

“సార్, ఒక్క మనిషీ లేడు. కార్డులు జనానికి అక్కర్లేదని మీరు ముందే ఎలా కనిపెట్టారు సార్?”

ఇంట్లో కార్డు పెట్టగానే కంప్యూటరు లేచి కూర్చుంది. శుక్రవారం పొద్దున్నకల్లా బొమ్మలు వెళ్లాయి. మధ్యాహ్నం బిల్డరు ఫోన్ చేసి ఇంకో పని కూడా ఇచ్చాడు. కోడలు పరుగున వచ్చి అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసింది.

“బతికించారు అత్తయ్యా! ఇంతకీ ఏమైందన్నారు దానికి?”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, టోకెను లేదన్నట్టు వెనక్కెళ్లిపోయింది.

“దుమ్ముట,” అంది బామ్మ.

“నేననుకుంటూనే ఉన్నా! మీరు కవర్లు అల్లుతుంటే చాటున నవ్వుకునేదాన్ని, నాకు బుద్ధి లేక. ఈసారి కాస్త మందంగా అల్లండి అత్తయ్యా, పగలు కూడా కప్పేద్దాం.”

అల్లనంటే కారణం చెప్పాలి. ఊలు బామ్మ రెండు పోగులు కలిపి మొదలుపెట్టింది.